మిడత కడుపులోని పొగ వాసన

ధ్యాన భాగములు: యోవేలు 1, 2 అధ్యాయములు, సామెతలు 30:24–28, మార్కు 7:14–23, 2 కొరింథీయులకు 2:14–16



2020వ సంవత్సరము మే నెలలో, కరోనా వ్యాధి నిమిత్తము దేవాలయములు మూసియుండిన దినములలో, ఒక ఉదయమున మా పేటలోని పిల్లవాడొకడు గాజుసీసా పట్టుకొని మా యింటికి పరుగెత్తి వచ్చెను. సీసాలో పసుపుపచ్చని పురుగు ఒకటి యున్నది. దాని ఒంటిమీద నీలి చారలు. "అయ్యగారూ, మిడతలొచ్చేశాయండీ! చెరువుగట్టు మీద జిల్లేడు చెట్ల నిండా అవేనండీ!" అని వాడు రొప్పుచు చెప్పెను. వాని వెనుకనే వాని తల్లి, ఆమె వెనుక మరి యిద్దరు. మధ్యాహ్నమునకు పేట పేటంతయు లేచెను. నువ్వుచేను కోయనివారు కొడవళ్లు వెదకుకొనిరి. పెద్దలలో ఒకరు ప్రకటన గ్రంథము తొమ్మిదవ అధ్యాయము తెరచి, అగాధపు పొగలోనుండి వచ్చునని వ్రాయబడిన మిడతలు ఇవియేనా అని మమ్మును అడిగిరి. మేమును భయపడితిమి. ఆ రాత్రి నిర్గమకాండము పదియవ అధ్యాయము చదివి ప్రార్థించితిమి గాని, నిజము చెప్పవలెనంటే ఆ ప్రార్థనలో విశ్వాసముకంటె వణకు ఎక్కువ.

మరునాడు వ్యవసాయ శాఖ ఉద్యోగి యొకరు వచ్చి సీసాను చూచి నవ్విరి. అది జిల్లేడు మిడత. జిల్లేడాకు దానికి ప్రియమైన ఆహారము. దండు కట్టి దేశములు దాటిపోవు జాతి అది కాదు. భయపడవలసినది వేరొకటి, ఎడారి మిడత. అది ఆ నెలలోనే రాజస్థానములోనికి వచ్చి, 25వ తేదీన జైపూరు పట్టణముమీద కమ్ముకొని, మధ్యప్రదేశములోనికిని మహారాష్ట్రములోనికిని సాగినది. తెలంగాణలో ఆదిలాబాదు వైపు సరిహద్దు జిల్లాల అధికారులు కావలి యుండిరి. మన వైపునకు ఆ దండు రాలేదు. దేవునికి స్తోత్రము.

పిల్లవాని సీసాలోని పురుగు పోయినది గాని, ఆ ఒక్క పురుగు మా పేటనంతటిని ఒక్క పూటలో ఎట్లు పోగుచేసెనో అను తలంపు మమ్మును విడువలేదు. మిడతలనుగూర్చి దొరికినదెల్ల చదువ నారంభించితిమి. అందులో ఒక వాసన సంగతి యున్నది. దానిని మీకు చెప్పవలెనని చాలకాలమునుండి తలంచుచు, ఒక కారణముచేత వెనుకకు తీయుచు వచ్చితిమి. ఆ కారణము కడపట చెప్పెదము.

యోవేలు ప్రవక్త తన గ్రంథమును మిడతలతోనే మొదలుపెట్టెను. అందులో నాలుగు పేర్లున్నవి. మేము వేదాంత పాఠశాలలో చదువుకొనునప్పుడు, ఆ నాలుగును నాలుగు రాజ్యములని వ్యాఖ్యానించు పుస్తకములను చదివితిమి; పరీక్షలో అట్లే వ్రాసితిమి కూడ. ఇప్పుడు మాకు ఆ వ్యాఖ్యానము రుచింపదు. పొలము పోయినవాని యేడ్పు యోవేలు మాటలలో వినబడుచున్నది. ద్రాక్షతీగె పోయినది, అంజూరపు చెట్టు బెరడు ఊడి కొమ్మలు తెల్లబారినవి, బలిపీఠమునకు తెచ్చుటకు పిండి లేదు, ద్రాక్షారసము లేదు. మిడతను మిడతగానే చూడనిత్తము. 1915వ సంవత్సరము మార్చి నెలలో యెరూషలేము మీదికి ఇట్టి దండే వచ్చెను. ఆ పట్టణములో అమెరికన్ కాలనీ అను పేరుతో నివసించిన క్రైస్తవులు ఆ నాశనమును ఛాయాచిత్రములు తీసిరి. వాటిలో ఒకే అంజూరపు చెట్టు చిత్రములు రెండున్నవి. మొదటి దానిలో చెట్టు నిండ ఆకు, రెండవదానిలో ఎముకలవంటి కొమ్మలు. ఆ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి యోవేలు మొదటి అధ్యాయము ఏడవ వచనమునకు వేరే వ్యాఖ్యానము అక్కరలేదు.

ఎడారి మిడత ఒక్కొక్కటి రెండు గ్రాముల బరువుండును. దినమునకు తన బరువంత పచ్చదనము తినును. ఒక చదరపు కిలోమీటరు దండులో నాలుగు కోట్లనుండి ఎనిమిది కోట్ల వరకు మిడతలుండునని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు చెప్పుదురు. అంత దండు ఒక్క దినమున 35,000 మంది మనుష్యుల ఆహారమును తినివేయును. కొన్ని దండులు వందల చదరపు కిలోమీటర్లు పరచుకొనును.

అయితే ఇదే పురుగు ఒంటరిగా నున్నప్పుడు బహు సాధువు. గడ్డిలో గడ్డి రంగున, ఇసుకలో ఇసుక రంగున దాగి, తోటి మిడత ఎదురైన తప్పుకొని పోవును. రాత్రివేళ ఒంటరిగా ఎగురును. ఎవరికిని హాని లేదు. దండులోనికి చేరగానే దాని పిల్లలు పసుపు నలుపు రంగులు దాల్చును. రెక్కలు వచ్చిన క్రొత్తలో గులాబి రంగు, ముదిరిన తరువాత నిండు పసుపు. నడక మారును, ఆకలి మారును. ఈ రెండింటిని చూచినవారు రెండు జాతులనుకొనుట వింత కాదు. 1921లో రష్యాదేశమున పుట్టి లండనులో పనిచేయుచుండిన బోరిస్ ఉవరోవ్ అను శాస్త్రజ్ఞుడు, వలసపోవు మిడతలలో రెండు జాతులుగా ఎంచబడినవి నిజముగా ఒక్కటేయనియు, గుంపు దానిని మార్చుచున్నదనియు వ్రాసెను. ఎడారి మిడత సంగతియు అట్టిదే.

సహోదరులారా, ఇక్కడ కొంచెము ఆగుదము. ఆ సాధువైన మిడతకును ఆ నాశనకరమైన మిడతకును తల్లి ఒకటే.

గుంపులోనికి అవి ఎట్లు వచ్చును? వాన కురిసిన ఎడారిలో పచ్చిక మొలచినప్పుడు మిడతలు విస్తరించును. తరువాత పచ్చిక ఎండి, మిగిలిన కొద్దిపాటి పచ్చని చోటికి అన్నియు చేరవలసి వచ్చును. అక్కడ ఒకదాని నొకటి రాచుకొనును. వెనుక కాళ్లమీద ఆ రాపిడి తగులుటయే వాటి స్వభావమును మార్చ నారంభించునని, మెదడులోని సెరొటోనిన్ అను పదార్థము పెరిగి రెండు గంటలలోనే ఒంటరి మిడత గుంపు మిడతగా నడచుకొనునని 2009లో ఇంగ్లాండు శాస్త్రజ్ఞులు తెలియజేసిరి. 2020లో మనలను భయపెట్టిన దండుకు మూలము 2018లో వచ్చిన రెండు తుపానులు. అవి అరేబియాలో మనుష్యులు నివసింపని ఇసుక దేశమున వాన కురిపించినవి. అక్కడ ఎవరి కన్నును పడకుండ మిడతలు మూడు తరములు పిల్లలు పెట్టినవి. చూచువారు లేని చోట పెరిగినది గనుకనే కనబడునప్పటికి చేయి దాటిపోయినది.

ఒకసారి కూడిన గుంపు విడిపోక నిలుచుటకు వాసన తోడ్పడుచున్నది. సామెతలు ముప్పదియవ అధ్యాయములో ఆగూరు అనునతడు, భూమిమీద చిన్నవైనను తెలివిగల నాలుగింటిని లెక్కించుచు, మిడతలకు ఏలువాడు ఎవడును లేకున్నను అవి సైన్యమువలె కదలుట చూచి ఆశ్చర్యపడెను. ఆ సైన్యమునకు బూర లేదు, సేనాధిపతి లేడు. గాలిలో ఒక వాసన యున్నది.

ఆ వాసనలలో ఒకదాని పేరు గ్వాయకాల్. పేరు క్రొత్తదైనను వస్తువు మన యింటిదే. మా అమ్మాయి పట్టణములో రసాయన శాస్త్రము చదువుచున్నది. "నాన్నా, మీరు దీనికి పుస్తకం చూడక్కర్లేదు. మన పొయ్యి దగ్గర కూర్చోండి, అదే ఆ వాసన" అని ఆమె చెప్పెను. కట్టెకు గట్టితనమిచ్చు పదార్థము లిగ్నిన్. కట్టె కాలునప్పుడు అది విరిగి అనేక వాసనలుగా మారును. పొగకు పొగ వాసననిచ్చువాటిలో గ్వాయకాల్ ముఖ్యమైనది. కట్టెలపొయ్యి మీద కాచిన పాలలో వచ్చు ఆ వాసన, వేయించిన కాఫీగింజల కమ్మదనములో కొంత భాగము, పాతయింటి దూలములకు పట్టిన మసి వాసన, వీటన్నిటిలో అది కలదు. దానినుండియే దగ్గు మందులలో కలుపు గ్వాయఫెనెసిన్ అను ఔషధమును చేయుదురు. మన పిల్లలు తిను బిస్కత్తులలోను ఐస్‌క్రీములోను వేయు వెనిల్లా సువాసనను కూడ దానినుండి తయారుచేయుదురు.

ఆ పేరు గ్వాయకమ్ అను చెట్టునుండి వచ్చెను. అది వెస్టిండీస్ దీవులలో పెరుగు చెట్టు; దాని కర్ర ఎంత బరువనగా నీటిలో వేసిన మునిగిపోవును. పదునారవ శతాబ్దమున స్పానిష్ వారు దానిని ఐరోపాకు తెచ్చి, గొప్ప రోగములకు మందని చెప్పి, లాటిను భాషలో జీవపు కర్ర యని పేరు పెట్టిరి. రోగులు ఆశతో దాని కషాయము త్రాగిరి గాని ఆ రోగము కుదరలేదు. మనుష్యులు జీవపు చెట్టు అని పేరు పెట్టినంత మాత్రమున అది ఆదికాండములోని చెట్టు కాదు కదా. 1826లో ఓటో ఉన్‌ఫెర్డోర్బెన్ అను జర్మను రసాయనికుడు ఆ చెట్టు బంకను కాచి దించి ఈ వాసన పదార్థమును మొదటిసారి వేరుచేసెను.

పొయ్యిలోని వాసన మిడతలో ఎట్లు వచ్చినది? దాని కడుపులో నిప్పు లేదే! 2000వ సంవత్సరమున ఇంగ్లాండులోని బాత్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్న వేసికొనిరి. వారు ఎడారి మిడతలను ఏ సూక్ష్మజీవియు సోకకుండ, శుద్ధిచేసిన ఆహారముతో పెంచిరి. ఆ మిడతలు తినెను, పెరిగెను, విసర్జించెను. వాటి పెంటలో గ్వాయకాల్ లేదు. తరువాత పాంటోయియా అగ్లోమరాన్స్ అను సూక్ష్మజీవిని వాటి కడుపులోనికి చేర్చిరి. వెంటనే ఆ వాసన పుట్టెను. సంగతి ఇది: మిడత ఆకు తినును; ఆ ఆకులో లిగ్నిన్‌కు సంబంధించిన పదార్థమొకటి యున్నది; కడుపులో కాపురముండు సూక్ష్మజీవి దానిని గ్వాయకాల్‌గా మార్చును; అది పెంటతో బయటికి వచ్చి, గుంపును కూర్చియుంచు వాసనలలో చేరును. మిడత తనంతట తాను దానిని చేయలేదు. ఆ సూక్ష్మజీవి పేరులోని రెండవ మాటకు లాటినులో ముద్దగా పోగుచేయునది అని అర్థమట. పేరు పెట్టినవారికి మిడతల సంగతి తలంపులో లేదు గాని, పేరు బాగుగనే అమరినది.

మేము దీనిని చదివిన రాత్రి మార్కు సువార్త ఏడవ అధ్యాయము తెరచితిమి. వెలుపలినుండి లోపలికి పోవునది మనుష్యుని చెరపదనియు, హృదయములోనుండి వచ్చునదే చెరపుననియు ప్రభువు అక్కడ బోధించెను. మేకయు ఆ గడ్డినే తినును, పాలిచ్చును. మిడత ఆ గడ్డినే తినును, దండు కట్టును. ఆకును తిట్టి లాభము లేదు. లోపల కాపురమున్నది ఎవరు? తిన్నదానిని ఏమిగా మార్చుచున్నారు? మనమందరము ఒకే గ్రామములో నీళ్లు త్రాగుచున్నాము, ఒకే వార్త వినుచున్నాము. పొరుగువాని గేదె చచ్చినదన్న వార్త ఒకరిలో జాలిగా మారి బయటికి వచ్చుచున్నది, ఒకరిలో తగిన శాస్తియన్న మాటగా వచ్చుచున్నది.

అయితే ఏమియు లేని కడుపు మంచిదని కూడ మేము చెప్పజాలము. ఆ శుద్ధిచేసిన మిడతలకు వాసన లేదు, నిజమే. అవి పరిశుద్ధమైనవి కావు, ఖాళీగా నున్నవి. ఒక్క సూక్ష్మజీవి చేరగానే మారిపోయినవి. ఊడ్చి, అలంకరించి, ఖాళీగా నుంచిన యింటికి ఏడు దయ్యములు తోడుగా వచ్చిన సంగతి మత్తయి పండ్రెండవ అధ్యాయములో ప్రభువు చెప్పెను. మేము త్రాగము, జూదమాడము, మాకు ఎవరితోను పనిలేదు అని చెప్పుకొను క్రైస్తవులను మేము చూచుచున్నాము. మేమును వారిలో ఒకరమై యుంటిమి.

ఇంకొక సంగతి చెప్పి మా సొంత సంగతికి వచ్చెదము. 2020లో చైనా దేశపు శాస్త్రజ్ఞులు వేరొక జాతి మిడతలో, అనగా వలస మిడతలో, గుంపుకూర్చు మరియొక వాసనను కనుగొనిరి. దాని పేరు 4-వినైల్ అనిసోల్. గ్వాయకాల్‌కు దగ్గరి బంధువు. ఆ వాసన వెడలుటకు ఎన్ని మిడతలు కావలెనని వారు చూచిరి. కోట్లు అక్కరలేదు, వందలు అక్కరలేదు. ఒంటరి మిడతలు నాలుగైదు ఒకచోట చేరిన చాలును, వాసన మొదలగును. ఆ వాసనకు మరికొన్ని వచ్చును. వచ్చినవియు అదే వాసన విడుచును.

నాలుగైదు. తన నామమున ఇద్దరు ముగ్గురు కూడిన చోట తానుందునని ప్రభువు వాగ్దానము చేసెను. అంతకు ఒక్కరు ఇద్దరు హెచ్చయినను, ఆయన నామము లేని కూడిక ఏమగునో మాకు తెలియును. ఏలయనగా ఆ నలుగురైదుగురిలో మేము కూర్చుండితిమి.

మూడేండ్ల క్రిందట మా సంఘములో కోతపండుగ జరిగెను. మీ గ్రామములలో వలెనే మా గ్రామములోను విశ్వాసులు ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి దేవుని సన్నిధిని పెట్టుదురు. ఆరాధన తరువాత వేలము వేయుదుము. ఆ యేడు ఇరువది మూడు బస్తాల ధాన్యము వచ్చెను. పుస్తకములో ఇరువది యొక్క బస్తాల సొమ్మే కనబడెను. సంఘపు పెట్టెయు పుస్తకమును పదకొండేండ్లుగా ఒక పెద్దాయన చేతిలో నుండెను. ఆయన కూలి పని చేసికొని బ్రదుకువాడు. ఒక్క పైసా తేడా వచ్చిన నిద్రపోనివాడు.

ఒక ఆదివారము సాయంకాల ప్రార్థన అయిన తరువాత దేవాలయపు అరుగుమీద నలుగురు పురుషులు కూర్చుండిరి. మేము ఐదవవారము. ఎవరో టీ తెప్పించిరి. "రెండు బస్తాలు ఏమయినట్టండీ?" అని ఒకరు మెల్లగా అనిరి. మరియొకరు, "ఈ మధ్య ఆయన ఇంటి పైకప్పు రేకులు మార్పించాడు కదా" అనిరి. అంతే. ఎవరును ఆయన దొంగ అనలేదు. అందరును మా ముఖము చూచిరి. మేము టీ త్రాగి, "చూద్దాంలెండి" అంటిమి.

సహోదరులారా, ఆ రెండు బస్తాలు ఏమైనవో మాకు తెలియును. పండుగకు ముందటి వారము మా సంఘములోని ఒక విధవరాలు మాయొద్దకు వచ్చి, తన కుమారుని శస్త్రచికిత్సకు డబ్బు లేదనియు, నలుగురికి తెలిసిన తాను తలయెత్తుకొని తిరుగలేననియు ఏడ్చెను. పెద్దల సభను అడుగకుండ, వేలమునకు ముందే రెండు బస్తాలు అమ్మి ఆమెకిమ్మని ఆ పెద్దాయనకు చెప్పినది మేమే. ఆమె పేరు వ్రాయవద్దని చెప్పినదియు మేమే. ఆ అరుగుమీద, "ఆ బస్తాలు నేనే ఇప్పించాను, కారణం అడక్కండి" అని ఒక్క మాట చెప్పిన ఆ సంగతి అక్కడనే ఆరిపోయి యుండును. ఆమె గుట్టు కాపాడుటకై ఊరకుంటిమని మేము మనస్సాక్షికి చెప్పుకొంటిమి. అది సగము నిజము. పెద్దల సభ అనుమతి లేక చేసినందుకు మమ్మును నిలదీయుదురేమోయన్న భయము తక్కిన సగము.

మేము విడిచిన వాసన ఆ "చూద్దాంలెండి" అను మాటయే. కాపరియే అట్లనగా ఇంకేమి కావలెను? మూడు వారములలో చేతిపంపు దగ్గర, పాలకేంద్రము దగ్గర, స్త్రీల కూడికలో, అన్ని చోట్లను అదే మాట. పలికినవారందరు ఒక్కొక్కరుగా చూచిన సాధువులే. మేము వారి ఇండ్లలో భోజనము చేసినవారమే. వారికి రాజు లేడు, ఎవరును పిలువలేదు, అయినను వరుస తీరిరి. నాలుగవ ఆదివారము ఆ పెద్దాయన ఆరాధన కాగానే వచ్చి, పెట్టెను పుస్తకమును బల్లమీద పెట్టి, తాళపుచెవి పైన ఉంచి, మాతో ఏమియు మాటలాడక భార్యను తీసికొని వెళ్లెను. ఆయన ఒక్కసారి మా వైపు చూచెను. మేము పాటల పుస్తకములు సర్దుచుంటిమి. ఆనాటినుండి ఆ యింటివారు దేవాలయమునకు రాలేదు. ఆయన మా పేరు గాని, ఆ విధవరాలి పేరు గాని ఎవరియొద్దను ఎత్తలేదు.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో, మనము క్రీస్తు పరిమళమై యున్నామనియు, అదే వాసన కొందరికి జీవముగాను కొందరికి మరణముగాను ఉండుననియు చెప్పుచున్నాడు. ఈ భాగముమీద మేము ఎన్నిసార్లు ప్రసంగించితిమో లెక్కలేదు. ఆ మూడేండ్లలో కూడ రెండుసార్లు ప్రసంగించితిమి. సంఘము బాగున్నదనిరి.

ఆ తల్లి నిరుడు ప్రభువునందు నిద్రించెను. సమాధి కార్యక్రమమైన తరువాత ఆమె కుమారుడు మాయొద్దకు వచ్చి, తన తల్లి కడపటి దినములలో సంగతి తనకు చెప్పెననియు, ఇక దాచనక్కరలేదనియు చెప్పెను. "మా వల్ల ఆ తాతగారు గుడి మానేశారట కదండీ" అని అతడు అడిగెను. మీ వలన కాదు బాబూ అని మాత్రము చెప్పితిమి. అప్పటికిని మాకు ఎనిమిది నెలలు పట్టినది.

పోయిన నెలలో ఒక సాయంకాలము ఆ పెద్దాయన యింటికి వెళ్లితిమి. ఆయన వాకిటిలో నులకమంచము మీద నుండెను. మమ్మును చూచి లేచి, మంచముమీద దుప్పటి పరచి, "కూర్చోండి అయ్యగారూ" అనెను. మేము నిలువబడియే చెప్పవలసినది చెప్పితిమి. ఆయన ఏమియు మాటలాడలేదు. ఆయన భార్య వంటసాలలో కట్టెలపొయ్యి ముట్టించి టీ కాచి తెచ్చి, "గ్యాసు అయిపోయిందయ్యగారూ, పాలు పొగవాసనొస్తన్నాయేమో" అనెను. వచ్చుచుండెను. త్రాగితిమి. మూడేండ్ల క్రిందట అరుగుమీద త్రాగిన టీ జ్ఞాపకము వచ్చి గొంతు దిగుట కష్టమాయెను.

చాలసేపటికి ఆయన, "పెద్దయ్యా, క్షమించానని చెప్పండి" అని మేము బతిమాలుచుండగా, "నేను క్షమించి చాలా రోజులైందండీ. ఆ తల్లి పిల్లాడు బతికాడు, అది చాలు. కానీ మా మనవరాలిని బళ్ళో పిల్లలు అంటన్నారండీ, మీ తాత దేవుడి వడ్లు తిన్నాడని. దానికి మీరు నాతో చెప్తే ఏం లాభం? అక్కడ చెప్పండి" అని దేవాలయము వైపు చూపించెను. "మీరు చెప్పిన రోజున వస్తానో రానో అప్పుడు చూద్దాం" అనెను. చూద్దాం అను ఆ మాట ఆయన నోట విన్నప్పుడు మేము తల వంచుకొంటిమి.

ఒకసారి వెడలిన వాసనను వెనుకకు పిలువలేము. మిడతల సంవత్సరములు తినివేసిన పంటను మరల ఇచ్చెదనని దేవుడు యోవేలు ద్వారా చెప్పిన మాట రెండవ అధ్యాయములో నున్నది. ఆ మాట మేము నమ్ముచున్నాము. అయితే ఆ వాగ్దానమునకు ముందు, యాజకులు మంటపమునకును బలిపీఠమునకును మధ్య నిలిచి కన్నీళ్లు విడువవలెనని అదే అధ్యాయములో వ్రాయబడియున్నది. మొదట ప్రజలు కాదు, యాజకులు. ఇన్నాళ్లు ఆ వచనమును మేము ఇతరులకు చదివి వినిపించితిమి.

ఈ యేడు మా సంఘపు కోతపండుగ జనవరి నెల రెండవ ఆదివారము జరుగును. వేలమునకు ముందు, బస్తాలన్నియు లోపల పెట్టిన తరువాత, మేము నిలువబడి ఈ సంగతి అంతయు సంఘము ఎదుట చెప్పెదము. పెద్దల సభవారికి ఇప్పటికే చెప్పితిమి. వారు కోపపడిరి, అది న్యాయమే. ఆ అరుగుమీద కూర్చుండిన నలుగురిని కూడ ఒక్కొక్కరిగా కలిసికొంటిమి. ఇద్దరు ఏడ్చిరి, ఒకరు మమ్మును తిట్టిరి, ఒకరు ఇంకను మాతో మాటలాడుట లేదు. ఆ బడిపిల్లలు కూడ వినునట్లు సండేస్కూలు పిల్లలను ఆనాడు ముందు వరుసలో కూర్చుండబెట్టుడని చెప్పియున్నాము. పెట్టె తాళపుచెవి మా బల్లమీద నున్నది; మూడేండ్లుగా దానిని ఎవరికిని ఇవ్వలేదు.

ఈ పత్రిక పండుగకు ముందే మీ చేతులకు, మా సంఘస్థుల చేతులకు కూడ వచ్చును. ఆ ఉదయమున మాకు మరల భయము కలిగి, సమయము చాలలేదని చెప్పి వేలము మొదలుపెట్టించుటకు వీలులేకుండునట్లు ముందుగా ఇక్కడ వ్రాసితిమి. మాకొరకు ప్రార్థించుడి.